మామా నన్ను కాలేజీకి పంపిన చలికాలం

ఆ చలికాలం తన కూతురు హెస్సాతో పాటు నన్ను కూడా ఆసుపత్రికి పంపాలని మామా నిర్ణయించింది. కువైట్‌లో ఇళ్ళలో పనిచేసేవాళ్ళం ఇంటావిడను మామా అనీ, ఇంటాయనను బాబా అనీ పిలుస్తాం. హెస్సా అక్కడ నర్సు పని నేర్చుకోవాలి. చేత్తో ముట్టుకోవలసినవి ఏమైనా ఉంటే నేను ముట్టుకోవాలి. మామా పెట్టిన పద్ధతి అది. ఇంట్లో ఎవరికీ అందులో వింత కనిపించలేదు. నిజం చెప్పాలంటే నాకూ కనిపించలేదు. స్కూలుకు వెళ్ళే రోజుల్లో హెస్సా పుస్తకాల సంచి కారుదాకా మోసింది నేనే. కాలేజీకి వచ్చినంత మాత్రాన మోసే మనిషి మారుతుందా అనుకున్నాను.

మిష్రిఫ్‌లోని ఆ ఇంట్లో హెస్సా ఆఖరి పిల్ల. మా ఆయన పోయిన మరుసటి ఏడు నేను ఆ గడప తొక్కేనాటికి ఇంకా పాలు తాగుతోంది. మామాకు కాన్పు తర్వాత ఒంట్లో బాగాలేక పిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టారు. నాకు అరబ్బీ రెండు ముక్కలైనా రాదు. ఏ భాషలో జోకొట్టను? మా రాజోలు వైపు భాషలోనే జోకొట్టాను, అందులోనే బువ్వ పెట్టాను, అందులోనే తిట్టాను. ఆ పిల్లకు తెలుగు అలా పట్టుబడింది. అవునని చెప్పాలంటే మా కోనసీమ మనిషిలాగే 'ఆయ్' అంటుంది. నన్ను దొడ్డమ్మా అంటుంది. మామా గదిలోకి రాగానే అరబ్బీలోకి మారిపోతుంది. ఆ మారడం మాత్రం నేను నేర్పలేదు.

హెస్సా నర్సింగు కాలేజీలో చేరతానన్నప్పుడు ఇంట్లో అందరూ నవ్వారు. నర్సులు మనకు విమానాల్లో దిగుతుంటే ఇంట్లో తయారుచేసుకోవడం ఎందుకని ఆమె పెద్దన్న అబ్దుల్ అజీజ్ ఎగతాళి చేశాడు. బాబా మాత్రం, వెళ్ళనీ, వార్డులో అడుగుపెట్టిన రోజే తిరిగొస్తుంది అన్నాడు. మామా చుట్టాలకు ఫోనులో నర్సింగు అని చెప్పేది కాదు, ఆరోగ్య శాస్త్రాలు అని చెప్పేది. మొదటి ఏడాది అంతా పుస్తకాల చదువే కాబట్టి ఆ మాట సాగింది. చదువు పూర్తిచేసి, పరీక్ష రాసి, పేరు రిజిస్టరు చేయించుకుంటే తప్ప నర్సు కారట. పుస్తకాలతో పాటు రోగుల దగ్గర డ్యూటీలు కూడా చెయ్యాలట. రెండో ఏడాది చలికాలంలో ఆ డ్యూటీలు వచ్చాయి.

వార్డుకు పంపేముందు కాలేజీలో బొమ్మ మీద నేర్పిస్తారు. లేవలేని మనిషికి పడుకున్నచోటే ఒళ్ళు ఎలా కడగాలో. హెస్సాకు బొమ్మతో చెయ్యి కుదరలేదు. ఒక సాయంత్రం రెండు బేసిన్లు, తువ్వాళ్ళ దొంతర పట్టుకుని నా గదికి వచ్చింది.

"దొడ్డమ్మా, పడుకో. నీకు కాళ్ళూ చేతులూ లేవవు. సరేనా?"

"నీ నోట ముత్యాలు రాలా. ఎందుకు లేవవే?"

"పరీక్ష కోసం. బొమ్మ ఏమీ అనదు. నువ్వైతే తిడతావు, తప్పు తెలుస్తుంది."

పడుకున్నాను. నీళ్ళ వేడి మణికట్టు లోపలివైపు చూసుకుంది. నా మీద దుప్పటి కప్పి, కడిగే చోటు ఒక్కటే తెరిచి, కడిగి, తుడిచి, మళ్ళీ కప్పింది. కళ్ళు ముక్కు వైపు నుంచి బయటికి తుడవాలట. ఒక కంటికి తువ్వాలు ఒక కొస, రెండో కంటికి ఇంకో కొస. ఏది తర్వాత ఏదో ఇంగ్లీషులో గొణుక్కుంటూ చేస్తోంది. నేను కొంచెంసేపు నవ్వాపుకున్నాను. తర్వాత వీపు వచ్చింది.

నన్ను అంతకుముందు ఇంకొకళ్ళు కడిగింది మా ఆయన పోయిన పదో రోజున. తెల్లవారకముందే గోదారి పాయ ఒడ్డుకు తీసుకెళ్ళి, నాలాగే పసుపు కుంకాలు పోయిన ఆడవాళ్ళు ఇద్దరు నీళ్ళు గుమ్మరించారు. ఆ చేతుల్లో తొందర తప్ప ఇంకేమీ లేదు. వాళ్ళను అనడానికీ లేదు, వాళ్ళకూ ఎవరో అలాగే పోసి ఉంటారు. ఇన్నేళ్ళ తర్వాత వీపు మీద వెచ్చటి తువ్వాలు పడేసరికి నాకు ఏడుపొచ్చింది. గోడవైపు తిరిగి ఉన్నాను కాబట్టి సరిపోయింది.

"నీళ్ళు చల్లారాయా దొడ్డమ్మా? వణుకుతున్నావు."

"లేదులే. నువ్వు కానియ్."

చివరికి పాదాలు. మంచం పట్టినవాళ్ళకు పుండ్లు మడమల దగ్గరే మొదలవుతాయట. నా పాదం ఒళ్ళో పెట్టుకుని, పగుళ్ళలోకి తువ్వాలు పోనిచ్చి తుడుస్తోంది. తలుపు తీసే ఉంది. చూస్తే గుమ్మంలో మామా నిలబడి ఉంది.

నేను లేవబోయాను. హెస్సా నా మోకాలి మీద చెయ్యేసి ఆపింది. "ఇంకో కాలు ఉంది," అంది అరబ్బీలో.

మామా అరవలేదు. కూతురి వైపు చూడలేదు. "నాగా, లేచి ఆ నీళ్ళు పారబోయి," అని నాతో చెప్పి వెళ్ళిపోయింది.

ఆ వారం ఇంట్లో అదే రగడ. వార్డూ లేదు, కాలేజీ లేదు అని మామా. డ్యూటీకి వెళ్ళకపోతే ఈ టర్మ్ మొత్తం పోతుందని హెస్సా. బాబా ఇద్దరి మధ్యా ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. ఆఖరికి మామాయే ఒక దారి కనిపెట్టింది. హెస్సా వెళ్ళొచ్చు, నాగా తోడు వెళ్తుంది.

ఆ మాట నాకు వంటింట్లో చెప్పింది. "ఈ ఇంటి పిల్ల ఎవరి మలమూత్రాలూ ఎత్తకూడదు. అలాంటిది ఏది వచ్చినా నువ్వు చెయ్యి. నా కూతురు చేసిందని తెలిసిన రోజుతో ఆమె కాలేజీ ఖలాస్. ఈ ఇంట్లో నీ పనీ ఖలాస్."

"అలాగే మామా," అన్నాను.

మమ్మల్ని దింపడానికి కారు తీసిన డ్రైవరు అల్లాబకష్ కడప మనిషి. "ఏమక్కా, ఈ వయసులో కాలేజీలో చేరినావంట. పాసైతే మాకు స్వీట్లు పంచాల," అన్నాడు. హెస్సాకు ఆ యాస సగమే అర్థమైంది గానీ అద్దంలోకి చూసి నవ్వింది. నేను నవ్వలేదు.

శుక్రవారం సెలవు. ఫర్వానియాలో సైరా గదికి వెళ్ళాను. సైరాది రాయచోటి. అబాయాలు, అదే ఆడవాళ్ళ నల్ల పైవస్త్రాలు, కుట్టే షాపులో పనిచేస్తుంది. నలభై దాటిన నాకు అ ఆలు దిద్దించింది ఆమే, మిగిలిన గుడ్డపీలికల మీద, కొలతలకు గీసే సుద్దతో. నేను ఇప్పుడు ఇది రాస్తున్నానంటే ఆమె పుణ్యం. అయితే సైరా నోరు మాత్రం కత్తెర. ఆసుపత్రి సంగతి అంతా విని కుట్టుమిషను ఆపింది.

"అంటే ఆ యమ్మి చదువుతాది, నువ్వు పియ్యి ఎత్తుతావు. ఇదేం చదువక్కా?"

"పిల్లకి అలవాటు లేదే సైరా."

"నీకు పుట్టుకతోనే అలవాటుండెనా?"

నాకు కోపం వచ్చింది. మా మామా సంగతి నీకు తెలీదన్నాను, నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం ఆవిడ చేతిలో ఉందన్నాను. సైరా వినలేదు. రేపు ఆ పిల్ల నర్సయ్యాక కూడా బకెట్ పట్టుకుని వెనకాల తిరుగుతావా అని అడిగింది. ఆ రోజు ఆమె పెట్టిన కుర్మా సరిగా తినకుండానే బస్సెక్కాను.

వార్డులోకి నన్ను రానివ్వరు. బయట వరండాలో బల్ల ఉంటే అక్కడ కూర్చునేదాన్ని. అద్దాల తలుపులోంచి ఆడవాళ్ళ వార్డు కనిపించేది. మొదటి రోజు హెస్సా ఒక ముసలావిడ కింద నుంచి బెడ్‌పాన్ తీసింది. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని తలుపుదాకా వచ్చింది. నేను అందుకున్నాను. కడిగి తెచ్చి ఇచ్చాను. రెండో రోజూ అదే జరిగింది. మూడో రోజు మేం అలా ఇచ్చిపుచ్చుకుంటూ ఉండగా వాళ్ళ టీచరు వచ్చింది. ఇమాన్ అని ఈజిప్టు మనిషి. పొట్టిగా, కళ్ళజోడు తల మీదికి తోసుకుని ఉండేది.

"ఈమె ఎవరు?" అంది.

"మా ఇంటి మనిషి," అంది హెస్సా.

"పని బాగా వచ్చు. పేరు చెప్పు, మార్కులు ఈమెకే వేస్తాను."

వెనకాల మిగతా ఆడపిల్లలు నవ్వారు. ఇమాన్ నవ్వలేదు. వచ్చే వారం పరీక్ష ఉందనీ, ఒక రోగికి మొదటి నుంచి చివరిదాకా హెస్సా ఒక్కతే స్నానం చేయించాలనీ, అందులో ఈ ఇంటి మనిషి వేలు తగిలినా వార్డులోంచి పంపించేస్తాననీ చెప్పింది.

ఇక నాకు దారి లేకుండా పోయింది. నేను ముట్టుకుంటే హెస్సా చదువు ఇక్కడ పోతుంది. ముట్టుకోకపోతే ఇంట్లో పోతుంది. కారులో ఇంటికి బయలుదేరాం. మిష్రిఫ్ దగ్గరపడ్డాక హెస్సాయే అంది. "పరీక్ష నేను చేస్తాను. మామా అడిగితే నువ్వు చేశావని చెప్పు. సరేనా దొడ్డమ్మా?"

"ఆయ్," అన్నాను. అందులో కష్టం ఏముంది? పాలు ఒలకబోసింది పిల్లైతే, నేనే ఒలకబోశానని చెప్పడం నాకు కొత్త కాదు.

పరీక్ష రోజు బయట దుమ్ముగాలి. వరండాలో చలికి నేను షాలు చుట్టుకుని కూర్చున్నాను. లోపల ఏదో అరుపు వినిపించింది. అది తెలుగు. హెస్సా తలుపు తోసుకుని వచ్చింది. చేతులకు గ్లోవ్స్ ఉన్నాయి, మొహంలో రక్తం లేదు.

"దొడ్డమ్మా, రా. ఆవిడ దుప్పటి వదలట్లేదు."

లోపలికి వెళ్ళాను. ఇమాన్ నన్ను చూసి, భాష తెలిసిన మనిషివి కాబట్టి మాట్లాడు, చేతులు మాత్రం దూరంగా పెట్టుకో అని చెప్పి, పక్క మంచం దగ్గర ఇంకో పిల్ల పరీక్ష చూడటానికి తెర అవతలికి వెళ్ళింది.

మంచం మీద ఉన్నావిడ పేరు సిద్ధమ్మ. కడప వైపు మనిషి. ఏదో ఇంట్లో పనిచేస్తూ, కిటికీలు తుడవడానికి నిచ్చెనెక్కి పడిందట. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. పక్క తడిసింది, ఒక్క తడే కాదు. వాసన మంచం చుట్టూ ఉంది. దుప్పటి గడ్డం దాకా లాక్కుని రెండు చేతులతో పట్టుకుంది.

నన్ను చూడగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అక్కా, నువ్వు మనోళ్ళేనా? సల్లగుండు తల్లీ. ఈ బిడ్డను అవతలికి పొమ్మను. కువైటీ బిడ్డ నా గుడ్డలు ఇప్పేదేంది, పాపం గాదా. ముప్పై ఏండ్లుగా వాళ్ళకు నేను కడగతాండా. వాళ్ళు నాకు కడిగేదేంది. రేపు మా మామాకు తెలిస్తే నన్ను మళ్ళా ఇంట్లోకి రానిస్తాదా?"

"ఆ పిల్లకి పరీక్షమ్మా ఇది. దాని చదువే ఇది."

"పరీచ్చయితే ఏముండ్లే. నువ్వు తుడిచెయ్యక్కా. బిడ్డే తుడిచిందని నేను సెప్తా. ఆ మిస్సు తెర అవతల ఉండాది, ఆ యమ్మకేం తెలుస్తాది?"

నేను హెస్సా వైపు చూశాను. తడి తువ్వాలు పట్టుకుని నిలబడింది. నీళ్ళు మోచేతుల మీదుగా నేల మీదికి కారుతున్నాయి. గొంతులోకి వస్తున్నది మింగుకుంటోంది.

"దొడ్డమ్మా," అంది చిన్నగా, "ఈ ఒక్కసారి."

ఆ పిల్ల ఒక్కసారి అని అడిగిన పని నేను చెయ్యకుండా ఉన్నది లేదు. నా చేతులు అప్పటికే ముందుకు చాచి ఉన్నాయి. నేను చాచమనలేదు, అవే వెళ్ళాయి. వాటిని వెనక్కి తీసుకుని షాలు లోపల చుట్టేసుకున్నాను. వెళ్ళి మంచం తలవైపు నిలబడ్డాను.

"నేను ముట్టుకోను," అన్నాను, ఇద్దరితోనూ.

సిద్ధమ్మ నన్ను తిట్టింది. మనోళ్ళని అనుకున్నానే, ఇంత గట్టి గుండేందే నీది అంది. హెస్సా, నేను తన మీద చెయ్యి చేసుకున్నట్టు, నా వైపు చూసింది. తెర వైపు తిరిగి, భుజానికి మొహం తుడుచుకుంది. ఒకసారి వోక్ మంది. కొంచెంసేపు అలాగే నిలబడింది. వెళ్ళిపోతుందేమో అనుకున్నాను.

ఇటు తిరిగింది. నోట్లో బిస్మిల్లా అనుకుంది. తువ్వాలు మళ్ళీ వేడి నీళ్ళలో ముంచి పిండి, సిద్ధమ్మ మీదికి వంగింది.

"ఏం కాలేదురా కన్నా," అంది. "ఒక్క రవ్వ దుప్పటి వదులు. పక్క తడిపేసుకున్నావా? ఫర్వాలేదు, ఫర్వాలేదు. మన బంగారం కదూ. ఇప్పుడు చక్కగా లాల పోసేసుకుని, బువ్వ తినేసి బజ్జుందాం."

సిద్ధమ్మ నోరు తెరిచి చూసింది. తలకు తెల్లటి గుడ్డ చుట్టుకున్న కువైటీ పిల్ల, రాజోలు యాసలో, తనను చంటిపిల్లను చేసి బుజ్జగిస్తోంది. ఆ గొంతు నాది. ఏ మాట దగ్గర సాగదీస్తానో అక్కడే సాగదీసింది. ఆ పిల్లకు నేను నేర్పిన తెలుగు అంతా పసిబిడ్డతో మాట్లాడేదే. పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలో నేర్పే అవసరం మాకు రాలేదు.

"ఏమక్కా, నాకు మనవరాండ్లుండారు," అంది సిద్ధమ్మ. "ఈ బిడ్డ నన్ను ఉయ్యాల్లో ఏసింది సూడు." అని నవ్వబోయింది. తుంటి నొప్పి చేసి, అబ్బా అంది. నవ్వూ ఆగలేదు, నొప్పీ ఆగలేదు. ఆ మధ్యలో ఎప్పుడో దుప్పటి వదిలేసింది.

హెస్సా కళ్ళ దగ్గర మొదలుపెట్టింది. ఒక కంటికి ఒక కొస. తర్వాత మెడ, చేతులు. కడిగినచోటు తుడిచి కప్పేస్తూ. పక్కకు తిప్పేటప్పుడు ఇద్దరుండాలి, అది నియమం. ఇమాన్ వచ్చి అటువైపు పట్టుకుంది. మోకాళ్ళ మధ్య దిండు పెట్టారు. ముట్టుకోకూడనిదని మామా చెప్పినదంతా అప్పుడు వచ్చింది. హెస్సా కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. "అయిపోయింది కన్నా, అయిపోయింది," అంటూనే ఉంది. అయిపోవడానికి చాలాసేపు పట్టింది. కొత్త పక్కబట్ట పరిచి, సిద్ధమ్మను వెల్లకిలా తిప్పాక, ఆవిడ హెస్సా చెయ్యి పట్టుకుని గ్లోవ్ మీదనే ముద్దు పెట్టుకుంది. ఇమాన్ తన కాగితంలో ఏదో రాసుకుని, కళ్ళజోడు మళ్ళీ తల మీదికి తోసుకుని వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో హెస్సా కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఇంటి గేటు దగ్గర లేచి, "మామా అడిగితే నువ్వే చేశావు," అని గుర్తుచేసింది. నేను ఆయ్ అన్నాను.

మామా వంటింట్లో నా కోసం కూర్చుని ఉంది. ఆవిడ వంటింట్లోకి రావడమే తక్కువ. ముందు బల్ల మీద టీ చల్లారిపోయి ఉంది.

"అయిందా?"

"అయింది మామా."

"అంతా నువ్వే చేశావు కదా?"

చెప్పాలనే అనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది. ఎన్నో అబద్ధాలు ఆ పిల్ల కోసం ఆడినదాన్ని. కాని ఆ తువ్వాలు మళ్ళీ నీళ్ళలో ముంచడం చూశాక, ఆ పని నాది అని చెప్పడానికి నోరు రాలేదు.

"లేదు మామా. నేను ముట్టుకోలేదు. హెస్సా చేసింది."

మామా టీ గ్లాసు ఒకసారి తిప్పింది. "వాంతి చేసుకుందా?"

"వచ్చింది. ఆపుకుని చేసింది."

"ఎవరా మనిషి?"

"నాలాంటి మనిషే. ఒక ఇంట్లో పనిచేస్తుంది."

"హెస్సా ఆమెతో మాట్లాడిందా?"

"మాట్లాడింది."

"ఏ భాషలో?"

హెస్సాకు తెలుగు వచ్చని మామాకు తెలియదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. "మా భాషలో," అన్నాను.

మామా గ్లాసు వైపే చూసింది. అలా చూస్తూనే మాట్లాడింది, నాతో అన్నట్టు లేదు. ఆ పిల్ల మొదటి మాట ఏమిటో తనకు తెలియదట. ఏ భాషలో అన్నదో మాత్రం తెలుసట. మేడ మెట్లు ఎక్కుతుంటే నా గదిలోంచి ఇద్దరి నవ్వులూ వినిపించేవట. ఆగి వినేదట, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదట. అడిగితే హెస్సా, ఏమీ లేదు మామా అని అరబ్బీలో చెప్పేదట.

"ఆ రోజు నీ పాదాలు ఒళ్ళో పెట్టుకుంది," అంది. "నీకు పిల్లలు లేరు నాగా. నాకు నలుగురున్నారు. నా పాదాలు ఎవరూ పట్టుకోలేదు."

టీ వేడిచేసి ఇస్తానని గ్లాసుకు చెయ్యి చాచాను, ఇవ్వలేదు.

"ఆమె చదువుకోనీ. నేను అడ్డు రాను. బాబాకు కూడా చెప్తాను." గ్లాసు పక్కకు జరిపింది. "నువ్వు వెళ్ళిపో."

రంజాన్ దగ్గరపడింది, పని రెట్టింపయ్యే ఆ నెల ముందు పనిమనిషిని పంపించే ఇల్లు కువైట్‌లో ఉండదు. దానికి కూడా సిద్ధపడిందంటే, ఆ మాట కోపంతో కాదు, ఆలోచించే అన్నదని తెలిసింది. నాకు నచ్చిన ఇంటికి నా పూచీ, అదే కఫాలా, మార్చి సంతకం పెడతానంది. సరే మామా అన్నాను. నా గదికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. కోపం రాలేదని చెప్పను. వచ్చింది, నోరు చేదయ్యేంత వచ్చింది. కాని ఎంత వెతికినా ఆవిడ నా నుంచి లాక్కున్నది ఏమిటో చెప్పలేకపోయాను. ఆవిడ తన పిల్లను తాను అడిగింది.

హెస్సా మాత్రం ఇల్లు పీకి పందిరి వేసింది. తల్లితో ఒకసారి, నాతో ఒకసారి.

"అబద్ధం చెప్తానన్నావుగా. ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చేసింది నేను చేశానని ఎలా చెప్పనే?"

"నిన్ను పంపేస్తే నేను కాలేజీ మానేస్తాను."

"మానెయ్. రేపు సిద్ధమ్మకి ఎవరు కడుగుతారో కనుక్కుని మరీ మానెయ్."

నాతో మాటలు మానేసింది. వార్డుకు మాత్రం రోజూ వెళ్ళింది, నేను లేకుండా. గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చప్పుడును బట్టి ఆ రోజు డ్యూటీ ఎలా గడిచిందో నాకు తెలిసేది.

ఇప్పుడు నేను రిగ్గైలో ఒక కేరళ డాక్టరమ్మ ఇంట్లో వంట చేస్తున్నాను. సైరానే మాట్లాడి పెట్టింది. హెస్సా ఆఖరి ఏడాదికి వచ్చింది. ఫోను చేస్తుంది, వారానికి ఒకసారి, ఒక్కోసారి మరిచిపోతుంది. మరిచిపోయిన వారం నేను ఫోను వైపు ఎక్కువగా చూస్తాను, కాని చెయ్యను.

నేను వచ్చేసిన రోజు సంగతి ఒకటి మిగిలింది.

ఆ పొద్దున హెస్సా నాతో మళ్ళీ నోరు విప్పి, డ్యూటీ మానేసి ఇంట్లో ఉంటానంది. హాజరు పోతుందని నేను ఒప్పుకోలేదు. తెల్లవారుతూనే కారు ఎక్కించాను. నా మెడ చుట్టూ చేతులేసి, వెళ్ళిపోయింది. అల్లాబకష్ ఆమెను దింపి నా కోసం తిరిగి వచ్చాడు. సంచి గుమ్మం దగ్గర పెట్టి మామాతో చెప్పి వెళ్దామని చూస్తే, ఆవిడ వంటింట్లోనే ఉంది. కొత్త మనిషి ఇంకా రాలేదు.

"డ్యూటీ నుంచి వచ్చాక ఏం తింటుంది?" అని అడిగింది.

ఎవరి గురించో చెప్పలేదు. నేనూ అడగలేదు. వార్డు నుంచి వచ్చిన రోజుల్లో మాంసం వాసన పడదనీ, వాళ్ళ మాంసం అన్నం, మచ్బూస్, పెడితే పక్కకు తోసేస్తుందనీ చెప్పాను. "పెరుగన్నం తింటుంది మామా."

"ఎలా చేస్తావు?"

చెప్తే అర్థమయ్యేది కాదు. పొయ్యి మీద అన్నం పెట్టాను, మెత్తగా ఉడకనిచ్చాను. అది అయ్యేదాకా ఇద్దరం పొయ్యి దగ్గరే నిలబడ్డాం. గిన్నెలోకి తీసి ఉప్పు వేసి, పాలు పోశాను. మామా చెంచా అందుకోబోయింది.

"చెంచాతో రాదు మామా. చేత్తో, వేడిగా ఉండగానే పిసకాలి. చల్లారాక పెరుగు."

ఉంగరాలు తీసి బల్ల మీద పెట్టింది. చేతులు కడుక్కుంది. అన్నంలో వేళ్ళు పెట్టి, కాలి, చటుక్కున తీసేసింది. వేళ్ళ వైపు చూసుకుంది. మళ్ళీ పెట్టింది.

బయట అల్లాబకష్ హారన్ కొట్టాడు. మామా తల ఎత్తలేదు.

"ఇంతేనా?" అంది.

"ఇంకొంచెం మెత్తగా," అన్నాను. పెరుగు గిన్నె ఆవిడ చేతికందేలా జరిపి, సంచి తీసుకున్నాను.